ఎనిమిదో రోజు దారి

నా సైకిల్ దుకాణంలో వెనక మూల, కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద ఒక కంప్యూటరు, వైర్లు కుక్కిన బిస్కెట్ డబ్బా, ఒక భూతద్దం ఉంటాయి. బల్ల వెనక దారులక్క ఉంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. సైకిళ్ళ మీద దూరప్రయాణాలు చేసేవాళ్ళు బయల్దేరే ముందు చైన్లూ బ్రేకులూ నాకు చూపించుకుంటారు, దారి ఆమె చేత గీయించుకుంటారు. ఎదురుగా మేడమ్ అంటారు, గుమ్మం దాటాక దారులక్క అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నాకు ఆ జీపీఎస్ యంత్రాలంటే మొదట్నుంచీ పడదు. సబ్బుబిళ్ళంత ఉంటుంది. హ్యాండిలుకి బిగిస్తే, మనం ఎక్కడున్నామో ఉపగ్రహాల నుంచి తెలుసుకొని తెర మీద చుక్కగా చూపిస్తుంది. ముందే దారి గీసి అందులోకి ఎక్కిస్తే అది గులాబీ రంగు గీతగా కనిపిస్తుంది. చుక్క గీత మీద ఉన్నంతసేపూ సరైన దారిలో ఉన్నట్టు. ఇంత చిన్న పనికి అంత హంగామా దేనికని నా బాధ.

"దారిన పోయే మనుషులు లేరా అడగడానికి?" అంటాను నేను.

"నువ్వు అడిగిన మనిషి కూడా నీలాంటివాడే అయితేనో?" అంటుంది ఆమె. ఐదేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే వరస.

కానీ పని విషయంలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. ముక్కూ మొహం తెలియని వేలమంది ఔత్సాహికులు గీసి ఊరికే ఇచ్చే మ్యాపులు ఇంటర్నెట్లో ఉంటాయి. ఆమె వాటిని దించుకుంటుంది, కానీ నమ్మదు. మ్యాపులో రోడ్డు అని ఉన్నది నిజంగా రోడ్డేనా, పొలం గట్టా అని పైనుంచి తీసిన ఫొటోలతో పోల్చి చూస్తుంది. మ్యాపులో ఎత్తు చూపించే గీతలు లెక్కపెట్టి, ఎక్కడ తొక్కొచ్చో ఎక్కడ దిగి నెట్టాలో చెప్తుంది. మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, ఏ వంతెన ఈ ఏడాది కూలిందో, ఏ ఊళ్ళో కుక్కలు వెంటపడతాయో ఫోన్లు చేసి మరీ కనుక్కుంటుంది. రిటైరయ్యేదాకా సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేసింది. పాత పటాల మీద పలచని కాగితం పరిచి, సిరాతో గీతలు దించే ఉద్యోగం. వంపు ఉన్నచోట వంపు ఉండాల్సిందే, వెంట్రుకంత తేడా వచ్చినా కాగితం చింపి మళ్ళీ మొదలుపెట్టేదట.

ఆమెలో ఒక్కటే చెడ్డగుణం. 'తెలియదు' అనే మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. ఎవరూ రాసి పెట్టి ఉండని మారుమూల దారి గురించి ఎవరైనా అడిగితే, "రేపు చెప్తాను" అంటుంది. రేపు నిజంగానే చెప్తుంది. ఆ రాత్రి నిద్రపోయి ఉండదని కళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

బడులకు సెలవులిచ్చే నెల వచ్చిందంటే మాత్రం ఆమె మనిషి మనిషిలో ఉండదు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి దారి గీయించుకోవడానికి వస్తే, తనే లేచి టీ తెచ్చిస్తుంది. అక్కర్లేని ప్రశ్నలన్నీ వేస్తుంది. ఇద్దరూ పక్కపక్కన తొక్కుతారా, ముందూ వెనకా తొక్కుతారా? టైరు పంక్చరైతే ఎవరు వేస్తారు? వాళ్ళు వెళ్ళిపోయాక కిటికీలోంచి వీధి చివరిదాకా చూస్తూ ఉండిపోతుంది. ఆ పూట ఆమెతో పరాచికాలాడితే నాకే మొట్టికాయ పడుతుంది.

కారణం ఆమె చెల్లెలు. ఐదేళ్ళు చిన్నది, బడిలో వ్యాయామం టీచరు. ఏటా సెలవుల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ పదకొండు రోజులు సైకిళ్ళ మీద తిరిగొచ్చేవారు. అలా పంతొమ్మిదేళ్ళు తిరిగారు. అక్క దారి గీసేది, చెల్లెలు ముందు తొక్కేది. ఆరేళ్ళ కిందట ఒక కొండదారిలో చెల్లెలు పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ కలిసి వెళ్ళలేదు. నాకు తెలిసింది అంతే. చెల్లెలు భయపడి మానేసిందేమో అనుకున్నాను.

వాళ్ళ మధ్య మాటలు లేవని కాదు. నెలకు రెండుసార్లు ఫోను వస్తుంది. "బాగున్నావా? బాగున్నాను. కాళ్ళెలా ఉన్నాయి? పర్వాలేదు." అంతటితో సరి. తన ఇంటికి అక్క వస్తే చెల్లెలు కుర్చీ తుడిచి వేస్తుందట, పళ్ళు కోసి పళ్ళెంలో పెట్టి తెస్తుందట. ఒకసారి నాతో ఈ సంగతి చెప్పి, "నేనేమైనా పెళ్ళిచూపులకొచ్చానా?" అంది. నవ్వించడానికే అంది కానీ, ఆమెకు నవ్వు రాలేదు.

రెండేళ్ళ కిందట అక్కకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లయ్యాయి. చదును దారి మీద ఓ గంట తొక్కచ్చు, ఎత్తు ఎక్కడం మాత్రం ఇక ఈ జన్మకి లేదన్నాడు డాక్టరు. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఆమెను ఇంటికి దింపింది నేనే. కారులో సగం దూరం వచ్చాం. తర్వాత, "ఒక్కసారి చెల్లితో వెళ్ళాలని ఉంది తమ్ముడూ, అదెక్కడికి రమ్మంటే అక్కడికి" అంది. ఆమెకు కావలసింది అదొక్కటే. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఈ ఏడు సెలవులకు ముందు, ఒక మధ్యాహ్నం వాళ్ళ మరిది దుకాణానికి వచ్చాడు. చెల్లెలి భర్త. నెమ్మదైన మనిషి, గుమ్మం బయటే చెప్పులు విప్పబోతే, ఇది సైకిళ్ళ కొట్టు బాబూ, గ్రీజు అంటుతుంది అని ఆపాను. ఒక చేత్తో చెల్లెలి సైకిలు నడిపించుకొచ్చాడు, ఇంకో చేతిలో జీపీఎస్ యంత్రం.

"వదినగారూ, ఆవిడ ఒక్కతే వెళ్తుందట. రెండు రోజులే. అప్పుడు మీరు వెళ్ళిన ఎనిమిదో రోజు దారి ఉంది చూడండి, అది కావాలంది."

అక్క మొహం పాలిపోయింది. "నన్ను గీయమందా?"

మరిది నీళ్ళు నమిలాడు. "అంటే... దుకాణంలో ఎవరు గీసినా సరే అంది."

ఆ దుకాణంలో దారి గీసేది ఆమె ఒక్కతే. నేను గీస్తే చక్రానికి పుల్లలు బిగించినట్టు అన్నీ మధ్యలోకే వస్తాయి. అక్క యంత్రం తీసుకుంది, "సోమవారానికి ఇస్తాను" అంది. ఆయన వెళ్ళాక చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నేను టీ పెట్టి ఇచ్చాను. చల్లారిపోయాక తాగింది. అప్పుడు చెప్పింది, ఐదేళ్ళలో మొదటిసారి, ఆ ఎనిమిదో రోజు ఏం జరిగిందో.

గీత అంటే మన కంటికి గీతే కానీ, యంత్రానికి అది వరసగా పెట్టిన చుక్కలు. అప్పట్లో వాళ్ళ దగ్గరున్న పాత యంత్రం ఒక్కో గీతకు ఐదు వందల చుక్కల కంటే తీసుకోదు. ఎక్కువైతే మిగతావి వదిలేస్తుంది. వదిలేశానని చెప్పను కూడా చెప్పదు. ఈ సంగతి అక్కకు తెలుసు, అందుకే దారిని రోజుకొక ముక్కగా గీసేది. కానీ ఎనిమిదో రోజు కొండదారి. ఒకటే మెలికలు. బయల్దేరే ముందు రోజు కూర్చొని, ప్రతి మెలికకూ దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టి నునుపుగా దిద్దింది. ట్రేసరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏడు వందల ముప్ఫై చుక్కలయ్యాయి. లెక్క చూసుకోలేదు.

కొండ మీద ఒక టీ కొట్టు దగ్గర గీత టక్కున ఆగిపోయింది. ఆ తర్వాత తెర ఖాళీ. కాగితం మ్యాపు తెచ్చుకోలేదు, ఆ యంత్రంలో ఆ కొండకు వివరమైన మ్యాపూ లేదు. టీ తాగి కొంచెం ముందుకు వెళ్ళగానే దారి రెండుగా చీలింది. చెల్లెలు సైకిలాపి, "ఎటక్కా?" అని అడిగింది.

"నేను తెర వంక చూశాను. ఏమీ లేదు. ఎడమకి, యంత్రం ఎడమకే చూపిస్తోంది అన్నాను," అంది అక్క. "తెలియదు అనడానికి నాకేం రోగం? పంతొమ్మిదేళ్ళు నన్ను నమ్మి తొక్కింది. ఒక్క మాట అనలేకపోయాను."

చెల్లెలు ఎడమ దారిన వాలులో దూసుకుపోయింది. మూడో మెలిక దగ్గర పడింది. పాల వ్యాను ఒకటి వచ్చేదాకా రెండు గంటలు దాని తల ఒళ్ళో పెట్టుకొని రోడ్డు పక్కన కూర్చుందట అక్క. ఆసుపత్రిలో కట్టు కట్టాక, చెల్లెలు యంత్రం అడిగి తీసుకొని చూసింది. గీత ఎక్కడ ఆగిందో చూసింది. ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది. కుర్చీ తుడిచి వేయడం ఆ తర్వాత మొదలైంది.

"తిట్టినా బాగుండేది," అంది అక్క. "నాలుగు తిట్లు తిడితే కాళ్ళ మీద పడేదాన్ని."

సోమవారం దాకా ఆ నాలుగు రోజులూ ఆమె వేరే పని ముట్టుకోలేదు. కొండదారిని మూడు ముక్కలు చేసింది, ఏ ముక్కా నాలుగు వందల చుక్కలు దాటకుండా. ఆ వైపు తిరిగే లారీ డ్రైవర్ల నంబర్లు సంపాదించి మాట్లాడింది. తేలిందేమిటంటే, ఆ చీలిక దగ్గర ఎడమకు వెళ్ళినా కుడికి వెళ్ళినా చేరేది ఒకే ఊరు. ఎడమది కాస్త నిటారు, అంతే. "అయితే నువ్వు చెప్పింది తప్పు దారి కాదుగా!" అన్నాను. నా వంక ఎంత కోపంగా చూసిందంటే, నేను పోయి చైనుకు నూనె వేసుకున్నాను.

ఆదివారం నాడు ఇంకో పని మొదలుపెట్టింది. గీత మీద మనకు కావలసిన చోట గుర్తు పెట్టి, ఒక మాట రాయవచ్చు. సైకిలు అక్కడికి చేరగానే యంత్రం కూత పెట్టి ఆ మాట తెర మీద చూపిస్తుంది. 'ఇక్కడ నీళ్ళు నింపుకోండి', 'కుక్కలు జాగ్రత్త' లాంటివి రాస్తుంటుంది అందరికీ. ఇప్పుడు టీ కొట్టు దగ్గర ఒక గుర్తు పెట్టింది. ఏం రాయాలన్నదే గొడవ. ఆ యంత్రం తెలుగు అక్షరాలు చూపించదు, వాటి బదులు వరసగా డబ్బాలు చూపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. అదీ ముప్ఫై అక్షరాలు దాటకూడదు.

"ఫోను చేసి చెప్పొచ్చుగా," అన్నాను. "లేదా రెండు వీధులు నడిచి వెళ్ళొచ్చుగా. ఈ యంత్రం ఎందుకు మధ్యలో?"

"ఇలాంటిదాన్ని చూపించే అబద్ధం ఆడాను. నిజం ఇంకెక్కడ చెప్పను?"

కాగితం మీద గళ్ళు గీసుకొని ఒక్కో గడిలో ఒక్కో అక్షరం వేస్తూ కూర్చుంది. మొదటిది నలభై ఎనిమిది వచ్చింది. రెండోదాంట్లో 'క్షమించు' అని రాసి, నాటకంలా ఉందని కొట్టేసింది. సాయంత్రానికి 'తెర ఖాళీ. అబద్ధం ఆడాను.' దగ్గర ఆగింది. చివర 'అక్క' అని పెడదామంటే రెండు అక్షరాలు ఎక్కువయ్యాయి. అటు తిప్పీ ఇటు తిప్పీ, ఖాళీ తర్వాతా ఆడాను తర్వాతా ఉన్న చుక్కలు రెండూ తీసేసి అక్కను ఇరికించింది. సరిగ్గా ముప్ఫై. 'తెర ఖాళీ అబద్ధం ఆడాను అక్క.' నాకు చూపించి, "అర్థమవుతుందా?" అని అడిగింది. తలూపాను.

యంత్రం సోమవారమే ఇచ్చేశాం, చెల్లెలు ఆ శనివారం బయల్దేరింది. ఆ రోజు అక్క పన్నెండింటి నుంచీ గోడ గడియారం కింద నిలబడింది. "ఇప్పుడు పాత మిల్లు దాటి ఉంటుంది," అంది. "ఇప్పుడు ఎత్తు మొదలైంది, కిందికి గేరు మార్చాలి." మూడున్నరకి కూర్చుంది. "ఇక చదివేసి ఉంటుంది." ఒక పిల్లవాడి సైకిలు కావాలని వచ్చిన ఆయన, ఆమె మొహం చూసి ఎవరైనా పోయారేమోనని గొంతు తగ్గించి బేరమాడాడు.

ఆదివారం ఏ కబురూ లేదు. సోమవారం ఫోను వచ్చింది. అక్క వెంటనే తీసింది. "ఆఁ. క్షేమంగా వచ్చావా. ఆఁ. సరే." పెట్టేసింది.

"ఏమంది?"

"మ్యాపు బాగుంది, థాంక్స్ అంది."

మళ్ళీ పనిలో పడింది. ఎవరికో నదీతీరం దారి గీస్తోంది. గీస్తూ గీస్తూ, నన్ను ఉద్దేశించి కాదు, ఊరికే అంది: "థాంక్స్ అట." పది రోజులు ఆమె బల్ల వైపు నుంచి ఒక్క జోకూ రాలేదు. నేను కావాలని జీపీఎస్‌ను తిట్టినా తిరిగి అనలేదు. ఇంతకంటే ఆ మాట రాయకుండా ఉంటేనే నయమేమో అనిపించింది నాకు. ఎదురుచూడటానికి ఏదో ఒకటి మిగిలి ఉండేది కదా!

పదకొండో రోజు మధ్యాహ్నం చెల్లెలే వచ్చింది. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నిటారుగా ఉంది. తిన్నగా వెనక మూలకు నడిచి, యంత్రం బల్ల మీద పెట్టింది. అక్క లేవబోయి లేవలేదు.

"తెర ఖాళీ అని నాకు అప్పుడే తెలుసు," అంది చెల్లెలు.

"ఆసుపత్రిలో చూశావుగా."

"ఆసుపత్రిలో కాదు. టీ కొట్టు దగ్గర. నువ్వు మొహం కడుక్కోవడానికి వెళ్ళావు. నీ సైకిలు నా సైకిలుకి ఆనించి ఉంది. గీత ఆగిపోయి ఉంది. చూశాను."

నా చేతిలో పానా ఆగిపోయింది.

"చూసి?" అంది అక్క.

"చూసి ఊరుకున్నాను. నువ్వే చెప్తావని. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా, నాకు తెలియట్లేదే, నువ్వేమంటావ్ అని నన్ను అడుగుతావని. ఎటక్కా అని అడిగింది అందుకే. నువ్వు ఆ ఖాళీ తెర చూసి ఎడమకి అన్నావ్. ఒళ్ళు మండిపోయింది నాకు. వాలులో బ్రేకు మీద చెయ్యి కూడా వేయలేదు. నీ దారి వల్ల పడలేదక్కా నేను. నా కోపానికి నేనే పడ్డాను."

"మరి ఈ ఆరేళ్ళూ?"

"నువ్వు చెప్తే నేనూ చెబుదామనుకున్నాను. మొన్న అక్కడ అది చదివి గంటసేపు ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఇంటికొచ్చి ఫోను చేశాను. నోట్లోంచి థాంక్సే వచ్చింది."

నేను కౌగిలింతలు వస్తాయనుకున్నాను. అక్క ఒక్క ఉదుటున లేచి నిలబడింది. ఆపరేషనైన మోకాళ్ళతో అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"చూసి కూడా నోరు మూసుకున్నావా? నా వల్లే నీ ఎముక విరిగిందని నేను ఆరేళ్ళు కుమిలి చస్తుంటే, నువ్వు కుర్చీలు తుడుచుకుంటూ కూర్చున్నావా? నీకు మనసనేది ఉందా?"

"అబద్ధం ఆడింది నువ్వు! నా మీద అరుస్తావేంటి?"

"అరుస్తాను! పెద్దదాన్ని, అరుస్తాను!"

"పెద్దదానివి కాబట్టే ఈ పాట్లు!"

వ్యాయామం టీచరు గొంతు ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. గుమ్మంలో పంపు కోసం వచ్చిన మనిషి వచ్చిన దారినే పోయాడు. నేను ఆపలేదు. వాళ్ళు చిన్నప్పుడు ఎవరి గాలిపటం ఎవరు చింపారో దాకా వెళ్ళింది గొడవ. అంత మంచి తగాదా నా దుకాణంలో ఎన్నడూ జరగలేదు, వింటుంటే కడుపు నిండిపోయింది.

చివరికి అక్క చెల్లెలి మణికట్టు పట్టుకొని కంప్యూటరు ముందుకు లాగింది. "ఇటు రా. నువ్వేం చేశావో చూడు." ఏదో ఒక మూల ఫోల్డరు తెరిచింది. అది ఉన్నట్టు నాకు కూడా తెలియదు. లోపల ఆరు పేర్లున్నాయి. ఒక్కో ఏడాదికి ఒకటి, పక్కన 'ఇద్దరికి' అని.

చెల్లెలు ఒక్కోటీ తెరిచి చూసింది. ప్రతిదాంట్లో పదకొండు రోజుల దారి. ఏ రోజుకా రోజు విడివిడి గీతలు, నీళ్ళు దొరికే చోట్లు, చెట్ల నీడలు, రాత్రి బసలు. ఒకటి సముద్రం పక్కగా వెళ్తోంది. ఒకటి ద్రాక్షతోటల మీదుగా. చివరి రెండింట్లో ఒకటే కొండలు.

"మోకాళ్ళు పోయాక కూడా కొండలు గీశావా?"

"నువ్వు చదును మీద విసుక్కుంటావుగా."

"నాకు పంపలేదేం?"

"పంపితే థాంక్స్ అంటావని."

చెల్లెలి కుడిచెయ్యి ఇప్పటికీ భుజం కంటే పైకి లేవదు. ఎడమ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "ఇవేవీ ఇక వెళ్ళలేం కదా అక్కా."

"వెళ్ళలేమే."

ఇద్దరూ తెర వంకే చూస్తున్నారు. ఆరేళ్ళు. ఏడాదికి పదకొండు చొప్పున అరవై ఆరు రోజులు. నేను అక్కడే ఉండి కూడా లేనట్టు, ఒక వెనక చక్రం ఫ్రీవీలు ఊడదీసి మళ్ళీ బిగించాను.

చెల్లెలు నా ముక్కాలిపీట లాక్కొని అక్క పక్కన కూర్చుంది. మొదటి ఏడాది గీత మీద వేలు పెట్టింది.

"వెళ్ళి ఉంటే, మొదటి రోజు రాత్రి ఎక్కడ ఉండేవాళ్ళం?"

"ఇదుగో, ఈ నది ఒడ్డున. రెండు మంచాల గది, కిటికీ తూర్పుకి ఉంటుంది. ఫోను చేసి కనుక్కున్నాను."

"పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరేవాళ్ళం?"

"ఐదున్నరకి అనుకున్నాను. నువ్వు ఆరైనా లేచేదానివి కావు."

"లేచేదాన్నేలే. తర్వాత?"

నేను దుకాణం కట్టేసే వేళకు వాళ్ళు మొదటి ఏడాది మూడో రోజు దాకా వచ్చారు. తాళాలు బల్ల మీద పెట్టి, నేను ఇంటికి వెళ్ళిపోయాను.